విద్యార్థి ఐడీ కార్డు మీద క్యూఆర్ కోడ్: ఒడిశా సరిహద్దు బడుల కోసం సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం. ఈ ఊళ్ళలో తెలుగిళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువుతారు, ఫారాల మీద పేరు ఇంగ్లీషులో రాస్తారు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. చాలామందికి బడి ఇటు, అమ్మమ్మగారిల్లు అటు. గుణుపురం నుంచి నౌపడా వెళ్ళే రైలెక్కితే ఒక్క ప్రయాణంలోనే రాష్ట్రం మారిపోతుంది. ఇలాంటి చోట పిల్లల మెడలో వేలాడే ఐడీ కార్డుకి మిగతా ఊళ్ళ కంటే ఎక్కువ పని ఉంటుంది. దాన్ని చదవాల్సిన మనిషి ఏ భాషవాడో ముందు చెప్పలేం.

ఇప్పుడు కార్డులు చేసే ప్రతి డీటీపీ షాపులోనూ "క్యూఆర్ కూడా వేసేస్తాం సార్" అంటున్నారు. వెయ్యమంటే అందులో ఏం పెడుతున్నారో ఒకసారి మీ ఫోనుతో స్కాన్ చేసి చూడండి. పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటి అడ్రసు, అమ్మ ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, కొన్నిచోట్ల ఆధార్ నంబరు కూడా కనిపిస్తాయి. బస్టాండులో పక్కన నిలబడ్డ ఎవరైనా ఫోను ఎత్తి పట్టుకుంటే చాలు, అదంతా వాళ్ళ చేతిలోకి వచ్చేస్తుంది. ఇది ఆడపిల్లల తల్లిదండ్రులు ఒక్క క్షణం కూడా ఒప్పుకోకూడని పద్ధతి.

ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది. కోడ్ లోపల బయటివాళ్ళకి అర్థం లేని ఒక నంబరు మాత్రమే ఉండాలి. పిల్లల వివరాలు బడి రిజిస్టర్‌లోనే ఉండాలి. ఆ రెండింటినీ కలిపే అధికారం బడి చేతిలోనే ఉండాలి. దీన్ని పాటిస్తే భద్రతతో పాటు కార్డు కూడా ఎక్కువ కాలం స్కాన్ అవుతుంది. ఎలాగో చూద్దాం.

క్యూఆర్ గురించి ముందుగా తెలియాల్సినవి

1994లో జపాన్‌కి చెందిన డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా బృందం దీన్ని తయారుచేసింది. కార్ల విడిభాగాల లెక్క చూసుకోవడానికి పుట్టిన కోడ్ ఇది. పేటెంట్ ఉన్నా ఆ హక్కుని తాము వాడుకోబోమని ఆ సంస్థ ప్రకటించింది కాబట్టి ఎవరైనా ఉచితంగా తయారుచేసుకోవచ్చు. మూడు మూలల్లో కనిపించే పెద్ద చదరాలు ఫోనుకి దిక్కు చెబుతాయి. అందుకే కార్డు తలకిందులుగా ఉన్నా చదువుతుంది.

అందులో తాళం అంటూ ఏమీ ఉండదు. నల్ల గడులు, తెల్ల గడుల రూపంలో రాసిన మామూలు రాత అది. మనిషి కంటికి అర్థం కాదు కాబట్టి రహస్యం అనుకుంటాం గానీ ఫోనుకి అది తెరిచిన పుస్తకం.

ఎంత ఎక్కువ రాస్తే గడులు అంత పెరుగుతాయి. అన్నిటికంటే చిన్నది, అంటే వెర్షన్ 1, వరసకి 21 గడులు. అక్కడి నుంచి ఒక్కో వెర్షన్‌కి నాలుగేసి గడులు పెరుగుతూ వెర్షన్ 40లో 177 గడులవుతాయి. చెరిగినా, గీతలు పడినా చదవగలిగే శక్తి నాలుగు స్థాయుల్లో ఉంటుంది. ఎల్ అంటే దాదాపు 7 శాతం, ఎమ్ అంటే 15, క్యూ అంటే 25, హెచ్ అంటే 30 శాతం దెబ్బతిన్నా చదువుతుంది. పిల్లల కార్డుకి హెచ్ తప్ప ఇంకోటి వద్దు. కార్డుని పళ్ళతో కొరుకుతారు, స్కేలుతో గీస్తారు, వానలో తడుపుతారు.

మన భాషలవాళ్ళు గమనించాల్సిన లెక్క ఇంకొకటుంది. కంప్యూటర్‌లో రాత పట్టే చోటుని బైట్లలో కొలుస్తారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగుకీ ఒడియాకీ ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి విడివిడిగా మూడేసి బైట్లు, ఒక్కో వత్తుకి ఆరేసి బైట్లు పడతాయి. శ్రీనివాసరావు అన్న పేరు ఇంగ్లీషులో 13 బైట్లయితే తెలుగులో 39 బైట్లు. హెచ్ స్థాయిలో ఆ ఒక్క పేరుకే వెర్షన్ 5 కావాలి, అంటే వరసకి 37 గడులు. తండ్రి పేరు, ఊరు, అడ్రసు కలిపితే 300 బైట్లు ఇట్టే దాటుతుంది. అప్పుడు కాస్త తక్కువ స్థాయి ఎమ్‌లో వేసినా వెర్షన్ 13 అవుతుంది, వరసకి 69 గడులు. చుట్టూ వదలాల్సిన తెల్లటి అంచుతో కలిపి 2 సెంటీమీటర్ల చోటులో ముద్రిస్తే ఒక్కో గడి పావు మిల్లీమీటరు. షాపులోని ఇంకుజెట్ ప్రింటరు అంత సన్నగా వేస్తే అంచులు కలిసిపోతాయి. అదే ఎనిమిదంకెల నంబరైతే హెచ్ స్థాయిలో కూడా వెర్షన్ 1లో పట్టేస్తుంది. అదే చోటులో ఒక్కో గడి దాదాపు 0.7 మిల్లీమీటరు వస్తుంది. రెండేళ్ళు వాడి నలిగిన కార్డు కూడా చదువుతుంది.

ముందు పని ఏమిటో తేల్చుకోండి

కార్డు మీద క్యూఆర్ ఎందుకు అన్న ప్రశ్నకి హెడ్మాస్టారు, క్లాస్ టీచర్లు, హాస్టల్ ఉంటే వార్డెన్, అందరూ కలిసి కూర్చుని జవాబు రాసుకోవాలి. హాజరు, లైబ్రరీ పుస్తకాలు, హాస్టల్ నుంచి ఇంటికి పంపడం, పరీక్ష రోజున గుర్తింపు, బడి బస్సు ఎక్కారో లేదో చూడడం. వీటిలో ఏది నిజంగా కావాలో ఎంచుకోండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వందమంది లోపు పిల్లలున్న బడికి హాజరు కోసం క్యూఆర్ అక్కర్లేదు. పిల్లల్ని పేరుతో పిలిచి, ముఖం చూసి వేసే హాజరు దానికంటే మంచిది. లైబ్రరీకి, హాస్టల్ గేటుకి మాత్రం ఇది చాలా ఉపయోగం. మన జిల్లాల్లో ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు ఎక్కువ. సంక్రాంతికి తెలుగు పిల్లలు, రజ పండక్కి ఒడియా పిల్లలు, దసరాకి అందరూ ఇళ్ళకి వెళతారు. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ఎవరో తేల్చుకోవడమే వార్డెన్‌కి పెద్ద టెన్షన్. అసలు మేలు అక్కడే ఉంది కాబట్టి ఆ సంగతి కింద వివరంగా చెబుతాను.

రిజిస్టర్ శుభ్రం చెయ్యడం

ఎక్కువ టైము పట్టేది ఈ పనికే. తొందరపడితే తర్వాత ఏడాదంతా తిప్పలు.

ఎక్సెల్‌లో ఒక షీటు తెరిచి అడ్మిషన్ రిజిస్టర్ చూసి ఎక్కించండి. పేరుకి మూడు కాలమ్‌లు పెట్టండి: ఇంగ్లీషు, ఒడియా, తెలుగు. ఇంటిపేరుకి విడిగా ఒక కాలమ్ ఉండాలి. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందొస్తుంది, ఒడియావాళ్ళకి చివరొస్తుంది. ఫారం నింపినవాళ్ళు ఎవరన్నదాన్ని బట్టి ఒకే ఇంట్లో అన్నకి ఒకలా, చెల్లెలికి ఒకలా పడి ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రం యూడైస్ ప్లస్‌లో, అంటే బడుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో, ఉన్నదే తీసుకోండి. బోర్డు పరీక్షల దాకా వెంట వచ్చేది అదే. అది తప్పుగా ఉంటే ముందు అక్కడ సరిచేయించి, తర్వాత కార్డు ముద్రించండి.

ఫోన్ నంబర్లు రెండు తీసుకోండి. పనికోసం వలస వెళ్ళే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. తండ్రి ఫోను చెన్నైలోనో సూరత్‌లోనో మోగుతుంది. ఊళ్ళో ఉండే తాతగారిదో, మేనమామదో రెండో నంబరుగా ఉండాలి. నంబర్లు తీసుకున్నాక ఒక్కసారైనా డయల్ చేసి చూడండి.

బ్లడ్ గ్రూపు కార్డు మీద వేయించాలని చాలామంది పట్టుబడతారు. రక్తం ఎక్కించే ముందు ఆసుపత్రిలో ఎలాగూ పరీక్ష చేస్తారు. గుర్తున్నది చెప్పి రాయించిన గ్రూపు వల్ల ఒరిగేదేమీ లేదు. దాని బదులు మూర్ఛ, ఆస్తమా, ఏదైనా మందు పడకపోవడం, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి) లాంటివి రిజిస్టర్‌లో తప్పకుండా రాసుకోండి. గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఉంటారు. ఆ విషయం క్లాస్ టీచరుకీ వార్డెన్‌కీ తెలిసి ఉండడం ముఖ్యం. కార్డు మీద మాత్రం వెయ్యకండి. కులం, హాస్టల్ కేటగిరీ లాంటివి కూడా కార్డు మీద ఉండకూడదు.

ఎనిమిదంకెల నంబరు పుట్టించడం

అడ్మిషన్ నంబరునే కోడ్‌లో పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. 1451 నాదైతే 1452 నా పక్కవాడిదని పిల్లలకి వెంటనే తెలిసిపోతుంది. ఇంట్లో ఫోనులో ఆ నంబరుతో క్యూఆర్ చేసుకుని స్నేహితుడి హాజరు వేయించడం వాళ్ళకి నిమిషం పని.

అందుకని ఎక్సెల్‌లో రాండ్‌బిట్వీన్ ఫార్ములాతో 10000000కీ 99999999కీ మధ్య ఒక్కో పిల్లకి ఒక నంబరు తీయండి. వెంటనే ఆ కాలమ్ మొత్తం కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ మాత్రమే పేస్ట్ చెయ్యండి. ఇది మరిచిపోతే ఫైలు తెరిచిన ప్రతిసారీ నంబర్లు మారిపోతాయి, ముద్రించిన కార్డులన్నీ పనికిరాకుండా పోతాయి. తర్వాత కౌంట్‌ఇఫ్‌తో ఒకే నంబరు రెండుసార్లు రాలేదని చూసుకోండి.

ఒకటితోనో ఆపై అంకెతోనో మొదలయ్యే నంబరు తీసుకోమనడానికి కారణం ఉంది. సున్నాతో మొదలైతే ఎక్సెల్ ఆ సున్నాని తినేస్తుంది. ఎనిమిదంకెలే ఎందుకంటే, అలాంటి నంబర్లు మొత్తం 9 కోట్లు ఉంటాయి. బళ్ళో 600 మంది ఉంటే, ఊహించి ఒక నంబరు కొట్టేవాడికి అది ఎవరో ఒకరిదయ్యే అవకాశం లక్షన్నరలో ఒకటి. టీచరు చేత్తో టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పు కొట్టినా అది ఇంకో పిల్లది అవడం దాదాపు జరగదు, "లేదు" అనే చూపిస్తుంది.

అపార్ నంబరు పెట్టేద్దామా అని కొందరు అడుగుతున్నారు. అపార్, అంటే విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే శాశ్వత ఐడీ, 12 అంకెలది. యూడైస్‌లో పిల్లకిచ్చే శాశ్వత విద్యా నంబరు, పెన్, 11 అంకెలది. ఈ రెండూ పిల్లతో పాటు బళ్ళు మారినా, రాష్ట్రం మారినా వెంటే వెళతాయి. పాతపట్నంలోనో పార్వతీపురంలోనో చేరినా అవే. అంత కాలం ఉండే నంబర్ని మెడలో వేలాడదీసి ఊరంతా తిప్పడం మంచిది కాదు. మన ఎనిమిదంకెలది ఈ బడి వరకే. కార్డు పోతే మార్చేయొచ్చు, పిల్ల వెళ్ళిపోతే కొట్టేయొచ్చు. ఆధార్ నంబరు సంగతి అసలు ఆలోచించనే వద్దు.

కోడ్ బొమ్మలు తయారుచెయ్యడం

ఉచితంగా క్యూఆర్ చేసిపెట్టే వెబ్‌సైట్లు కోకొల్లలు. వాటిలో చాలావాటికి ఒక అలవాటుంది. మీరిచ్చిన నంబరుని నేరుగా కోడ్‌లో పెట్టకుండా తమ సైటు లింకుని పెడతాయి. "డైనమిక్" అని రాసి ఉంటే అదే. కొన్నాళ్ళకి డబ్బు కడితేనే పనిచేస్తుంది అంటాయి, అప్పటికి కార్డులు పిల్లల మెడల్లో ఉంటాయి. కాబట్టి మీ కంప్యూటర్‌లోనే చేసుకోండి.

మైక్రోసాఫ్ట్ వర్డ్ 2013 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే, ఎక్సెల్ జాబితాలోని వివరాల్ని ఒక్కో కార్డులో నింపే మెయిల్ మెర్జ్ చాలు. ఎక్సెల్ ఫైలుని మెయిల్ మెర్జ్‌కి కలిపాక, కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కండి. రెండు మీసాల బ్రాకెట్లు వస్తాయి. వాటి మధ్య మెర్జ్‌బార్‌కోడ్ అని ఒకే పదంగా, ఖాళీ వదిలి మీ నంబరు కాలమ్ పేరు, మళ్ళీ ఖాళీ వదిలి క్యూఆర్, ఇంకో ఖాళీ, వెనక్కి వాలిన గీత, దాన్ని ఆనుకుని క్యూ, ఖాళీ, 3 అని టైపు చెయ్యండి. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. చివర ఉన్న 3 అంటే హెచ్ స్థాయి. మెర్జ్ పూర్తయ్యాక మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 కొడితే కోడ్‌లన్నీ కనిపిస్తాయి. లిబ్రెఆఫీస్ వాడేవాళ్ళకి 6.4 వెర్షన్ నుంచి క్యూఆర్ చేసే సౌకర్యం ఉంది గానీ ఒక్కొక్కటిగా చెయ్యాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ తెలిసిన పూర్వ విద్యార్థి ఎవరైనా ఉంటే అడగండి. క్యూఆర్‌కోడ్ అనే ఉచిత లైబ్రరీతో బడి మొత్తానికి కాసేపట్లో చేసిస్తారు.

ఇక్కడ ఒక తేలికైన పరీక్ష ఉంది. వెర్షన్ 1లో మూడు మూలల చదరాలు మాత్రమే ఉంటాయి. కుడివైపు కింద నాలుగో బుల్లి చదరం కనిపించిందంటే అది వెర్షన్ 1 కాదు. మీరు చెప్పిన నంబరు కాక ఇంకేదో అందులో చేరి ఉండొచ్చు. షాపు నుంచి వచ్చిన కార్డు చేతిలోకి తీసుకోగానే మొదట చూడాల్సింది ఇదే. తర్వాత ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి స్కాన్ చెయ్యండి. ఎనిమిదంకెలు మాత్రం కనిపించాలి. లింకు కనిపిస్తే వెనక్కి పంపండి.

కార్డు డిజైను, షాపుతో వ్యవహారం

పీవీసీ కార్డు కొలత 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పు. ముందువైపు ఫోటో, మూడు లిపుల్లో పేరు, క్లాసు, బడి పేరు వెయ్యండి. కింద ఒక పక్కకి 2 సెంటీమీటర్ల క్యూఆర్, దాని కిందే ఎనిమిదంకెల నంబరు ఉండాలి. కోడ్ చెరిగితే చేత్తో టైపు చెయ్యడానికి ఆ నంబరే దిక్కు. కోడ్ చుట్టూ నాలుగు గడులంత తెల్లటి చోటు వదలాల్సిందే. అందంగా ఉంటుందని రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద వెయ్యడం, నలుపు-తెలుపు తిరగేయడం, మధ్యలో బడి లోగో పెట్టడం వద్దు. ట్యాగు కోసం పైన చిల్లు కొడతారు కాబట్టి కోడ్ పై అంచున ఉండకూడదు. మెరిసే లామినేషన్ మీద ట్యూబులైటు పడితే ఫోను తడబడుతుంది. మ్యాట్ దొరికితే అదే వేయించండి.

వెనకవైపు పెద్ద అక్షరాల్లో, ఒడియాలోనూ తెలుగులోనూ, "ఈ కార్డు గానీ, ఈ బిడ్డ గానీ దొరికితే ఈ నంబరుకి ఫోను చెయ్యండి" అని రాసి బడి నంబరు వెయ్యండి. దాని కింద పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర నంబరు 112. తప్పిపోయిన పిల్లని పలాస స్టేషనులో చూసిన టీ కొట్టాయనకి స్మార్ట్‌ఫోను ఉండాలనేం లేదు. చదివి ఫోను చెయ్యగలిగితే చాలు. బడి నంబరుని రాత్రిళ్ళు కూడా ఎత్తే మనిషి ఉండాలి. ఒకరి సొంత నంబరు కాకుండా దీనికోసమే ఒక సిమ్ తీసుకోవడం మంచిది, టీచరు బదిలీ అయినా నంబరు మారదు.

ఫాంట్ల సమస్య మన దగ్గర రెట్టింపు. తెలుగు డీటీపీలో అనూ ఫాంట్లు, ఒడియాలో ఆకృతి ఫాంట్లు ఇంకా బాగా వాడుతున్నారు. ఇవి యూనికోడ్ పద్ధతివి కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాలు కావు. మీరు ఎక్సెల్‌లో యూనికోడ్‌లో ఎక్కించిన పేర్లు వాటిలోకి వెళితే పిచ్చిగీతలవుతాయి. పాత కోరెల్‌డ్రాలో అయితే వత్తులు విడిపోతాయి. షాపువాళ్ళు మళ్ళీ టైపు చేస్తామంటారు, అప్పుడు కొత్త తప్పులు చేరతాయి. అందుకే నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా అనే ఉచిత ఫాంట్లతో కార్డు మొత్తాన్ని మీరే తయారుచేసి, పీడీఎఫ్‌గా ఇచ్చి ముద్రణ మాత్రం చేయించుకోవడం ఉత్తమం. అది కుదరకపోతే షాపుకి ఇచ్చే ఎక్సెల్‌లో కార్డు మీద కనిపించేవి మాత్రమే ఉంచండి. ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉన్న కాలమ్‌లు తీసేయండి.

ఫోటోల ఫైళ్ళకి పిల్లల పేర్లు కాకుండా ఎనిమిదంకెల నంబరే పేరుగా పెట్టండి. ఒకే క్లాసులో ఇద్దరు సాయి ఉంటే ఫోటోలు తారుమారయ్యేది ఇక్కడే. బొమ్మల్ని వాట్సాప్‌లో ఫోటోలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, కోడ్ అంచులు మసకబారతాయి. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. పనయ్యాక షాపు కంప్యూటర్లో ఆ ఫోల్డరు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి రండి. మొహమాటపడాల్సిన పని లేదు, అవి మన పిల్లల ఫోటోలు.

ముందు పది కార్డులు మాత్రమే వేయించండి. వాటిని పాత ఫోనుతో, కొత్త ఫోనుతో, ఎండలో, మసక వెలుతురులో స్కాన్ చేసి చూడండి. నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ చూడండి. అప్పుడు మిగతావి.

స్కానింగ్, రోజువారీ వాడకం

స్కానరు కొంటే 2డి ఇమేజర్ అని అడిగి కొనండి. కిరాణా కొట్లలో కనిపించే పాత లేజరు రకం గీతల బార్‌కోడ్‌లే చదువుతుంది, క్యూఆర్ చదవదు. యూఎస్‌బీ స్కానరు కంప్యూటరుకి కీబోర్డులాంటిది. చదివిన నంబర్ని కర్సరు ఉన్న గడిలో టైపు చేసి ఎంటర్ కొడుతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో ఒడియా లేదా తెలుగు కీబోర్డు ఎంచుకుని ఉంటే నంబరు సరిగా పడకపోవచ్చు. స్కానింగ్ ముందు ఇంగ్లీషుకి మార్చండి. ఫోనుతో చెయ్యాలంటే బైనరీ ఐ అనే ఉచిత యాప్ ఇంటర్నెట్ లేకుండా చదువుతుంది, చదివినవాటి జాబితాని దాచుకుంటుంది.

నెట్ లేకుండా పనిచెయ్యాలన్నది మన ప్రాంతంలో షరతు. మోహన, ఆర్.ఉదయగిరి, గుమ్మ కొండల్లోకి వెళితే సిగ్నల్ ఎక్కడ పోతుందో తెలియదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో కరెంటూ ఫోన్లూ ఎన్ని రోజులు లేవో ఇక్కడివాళ్ళకి గుర్తే. పిల్లల ఇళ్ళ నంబర్లు అవసరమయ్యేది సరిగ్గా అలాంటప్పుడే. అందుకని మొత్తం జాబితాని కాగితం మీద ముద్రించి హెడ్మాస్టారి బీరువాలో తాళం వేసి ఉంచండి. కంప్యూటర్‌లోని ఎక్సెల్ ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి అదే బీరువాలో దాచండి.

హాజరుకి వాడదలుచుకుంటే గేటు దగ్గర పెట్టకండి. ఒక్కొక్కరికి 3 సెకన్లే అనుకున్నా 600 మందికి అరగంట. ప్రార్థన మొదలైనా క్యూ తరగదు. క్లాసులో టీచరు ఫోనుతో చేస్తే 40 మందికి 2 నిమిషాలు. ఎక్సెల్‌లో రోజుకో షీటు పెట్టి, మొదటి కాలమ్‌లో స్కాన్ చేసిన నంబర్లు పడేలా చెయ్యండి. పక్కన వీలుకప్ ఫార్ములాతో పేరు వస్తుంది. రిజిస్టర్ షీటులో కౌంట్‌ఇఫ్ పెట్టి, లెక్క సున్నా వచ్చినవాళ్ళని వడపోస్తే రానివాళ్ళ పేర్లు తేలతాయి. వచ్చినవాళ్ళకంటే రానివాళ్ళ జాబితాయే విలువైనది, పదింటికల్లా వాళ్ళిళ్ళకి ఫోను వెళ్ళాలి. పేరు రాకుండా తప్పు చూపిస్తుంటే, ఒక షీటులో నంబరు టెక్స్ట్‌గానూ ఇంకోదాంట్లో నంబరుగానూ ఉందేమో చూడండి. రెండుచోట్లా ఒకేలా పెట్టండి.

హాస్టల్‌కి ఇలా చెయ్యండి. రిజిస్టర్‌లో ప్రతి పిల్లకీ తీసుకెళ్ళే హక్కున్న ఇద్దరు ముగ్గురి పేర్లు, చుట్టరికం, ఫోన్ నంబర్లు, ఫోటోలు పెట్టుకోండి. ఇవి అడ్మిషన్ రోజునే తల్లిదండ్రుల సంతకంతో తీసుకోవాలి. సెలవులకి ఎవరైనా వచ్చినప్పుడు వార్డెన్ పిల్ల కార్డు స్కాన్ చేస్తారు. ఆ వివరాలు తెర మీద కనిపిస్తాయి. వచ్చినాయన ముఖం ఫోటోతో కలవాలి, పిల్ల కూడా "మా మావయ్యే" అని చెప్పాలి, జాబితాలోని నంబరుకి ఫోను చేస్తే అవతలివాళ్ళు అవుననాలి. మూడూ జరిగాకే సంతకం తీసుకుని పంపాలి. కొత్త మనిషి వస్తే, ఎంత దగ్గరి చుట్టాన్నని చెప్పినా, తల్లితోనో తండ్రితోనో మాట్లాడేదాకా పంపకూడదు. తిరిగొచ్చిన రోజున మళ్ళీ స్కాన్ చేస్తే ఎవరు వచ్చారో, ఎవరు ఇంకా రాలేదో సాయంత్రానికే తెలుస్తుంది. పండగ తర్వాత తిరిగిరాని పిల్ల గురించి వారం తర్వాత కాకుండా ఆ రోజే ఆరా తియ్యొచ్చు. చదువు మాన్పించి పనికి పంపడాలు, చిన్నప్పుడే పెళ్ళిళ్ళు చెయ్యడాలు చాలాసార్లు ఇలాంటి సెలవుల తర్వాతే జరుగుతాయి.

ఏ వాడకంలోనైనా, స్కాన్ అయింది కాబట్టి ఆ పిల్లే అనుకోకూడదు. కోడ్‌ని ఫోటో తీసి ఎవరైనా వాడొచ్చు. తెర మీది పేరునీ ఎదుటి ముఖాన్నీ చూసే మనిషి తప్పకుండా ఉండాలి.

తల్లిదండ్రులతో మాట్లాడడం

2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళంతా పిల్లలే. వాళ్ళ వివరాలు డిజిటల్‌గా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. బళ్ళకి కొన్ని పనుల్లో పరిమితమైన మినహాయింపులున్నా, అనుమతి పత్రం తీసుకోవడం సరైన పద్ధతి. ఏ వివరాలు తీసుకుంటున్నాం, ఎందుకు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తాం అన్న నాలుగు సంగతులూ ఒక పేజీలో రాయండి. ఆ పేజీ ఆఫీసు తెలుగులో కాకుండా ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం పోరాడింది, సవర అనే గిరిజన భాష నేర్చుకుని సవర పిల్లల చదువు కోసం పాటుపడింది ఇక్కడే. చదవలేని తల్లిదండ్రులకి చదివి వినిపించాలి, సవర ఇళ్ళవాళ్ళకి సవర వచ్చినవాళ్ళతో చెప్పించాలి.

మీటింగులో రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పండి. కార్డు మీది క్యూఆర్‌కీ డబ్బుకీ సంబంధం లేదు. "ఫీజు కట్టాలి, ఈ కోడ్ స్కాన్ చెయ్యండి" అని బడి పేరుతో ఎవరు మెసేజ్ పెట్టినా ముందు బడికి ఫోను చేసి అడగాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. రెండోది, కొత్త కార్డు వచ్చిందన్న సంబరంలో పిల్ల ఫోటోతో పాటు కార్డుని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు.

కార్డు పోయినప్పుడు, పిల్ల బడి మారినప్పుడు

కార్డు పోయిందని చెప్పిన రోజే పాత ఎనిమిదంకెల నంబరు కొట్టేసి కొత్తది ఇవ్వండి. రిజిస్టర్‌లో "రద్దు" అన్న కాలమ్‌లో పాత నంబరు, తేదీ ఉంచండి. ఆ నంబర్ని ఇంకెవరికీ ఇవ్వకూడదు. పాత కార్డు ఎవరైనా స్కాన్ చేయిస్తే "రద్దు" అని తెర మీద రావాలి. పోయిందని చెప్పడానికి పిల్లలు భయపడితే ఈ పద్ధతి పనిచెయ్యదు. కాబట్టి మొదటిసారికి జరిమానా పెట్టకండి.

టీసీ ఇచ్చేటప్పుడు కార్డు వెనక్కి తీసుకుని, కోడ్ మీదుగా కత్తిరించండి. పెన్, అపార్ నంబర్లు టీసీతో సరిగ్గా వెళ్ళాయో లేదో చూడండి. ఆంధ్ర వైపు బళ్ళో చేరే పిల్లకి వాటి అవసరం వెంటనే పడుతుంది. హాస్టల్ పిల్లల బంధువుల ఫోటోలు, ఫోన్ నంబర్లు మాత్రం పిల్ల వెళ్ళిపోయాక బడి దగ్గర ఉండాల్సిన పని లేదు. ఏడాది చివర ఒక రోజు పెట్టుకుని, ఎక్సెల్‌లోంచీ పెన్‌డ్రైవ్‌లోంచీ వాటిని తీసేయండి. బీరువాలోని పాత ప్రింటు చింపేసి, కొత్త జాబితా పెట్టండి.